తుపాకిని టపాలో పంపవచ్చునా?

మెట్‌పల్లి ప్రాంతమున మక్కకంకి పాలు పట్టు దినములలోను, పసుపుదుంప ఊరు దినములలోను, సంఘ సభ్యులు నలుగురు కూడినచోట నెల్ల అడవిపందుల మాటయే వినవచ్చును. రాత్రి మంచె మీద కాపున్నవాడు రెప్ప వాల్చినంతలో అరయెకరము మక్క నేలపాలగును. ఆ మాట వెంబడినే తుపాకి ప్రస్తావము వచ్చును. తాతనాటి భర్మారు ఇంట మూలనున్నది. దానిని బాగుచేయించుటకు హైదరాబాదు బస్సులో పార్సిలుగా వేయవచ్చునా? తండ్రి కాలము చేసెను. ఆయన తుపాకిని నగరమందున్న కొడుకునకు టపాలో పంపవచ్చునా? దూరదేశపు కార్ఖానాలో రైఫిలు దొరకునట. డబ్బు కట్టిన ఇంటికే తెచ్చి ఇచ్చెదరా? దీనికి ఖర్చెంత యగును?

ఇట్లు అడుగువారిలో పార్సిలు ఛార్జీ ఎంత యని విచారించువారే యెక్కువ. ఆ పార్సిలు ఎవరెవరి చేతుల మీదుగా పోవునని ఆలోచించువారు తక్కువ. చట్టము మాత్రము బరువును చూడదు, చేతులనే చూచును. తుపాకి ఏ క్షణమున ఎవరి చేతిలో నున్నను, ఆ మనిషికి దానిని పట్టుకొను హక్కు కాగితముపై కనబడవలెను. ఈ యొక్క సంగతి గ్రహించినచో పై ప్రశ్నలలో సగమునకు సమాధానము దానంతట అదే దొరకును.

ఇప్పుడు దేశమంతట అమలులోనున్నది 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము. అది 1962 అక్టోబరు 1వ తేదీనుండి నడచుచున్నది. అంతకు పూర్వము ఇంగ్లీషువారు 1878లో చేసిన చట్టముండెను. నేటి చట్టము క్రింద వివరములను తెలుపు నియమావళి 2016వ సంవత్సరమున వచ్చినది. 2019 డిసెంబరులో చట్టమును సవరించి శిక్షలను పెంచిరి. పాతకాలపు అనుభవముతో మాటలాడు పెద్దలు ఈ సవరణను మఱచుచున్నారు. లైసెన్సు లేక మామూలు తుపాకిని దగ్గఱ నుంచుకొనినను, మోసికొని పోయినను, ఇప్పుడు రెండు సంవత్సరములకు తక్కువగాని, అయిదు సంవత్సరములకు మించని శిక్ష కలదు. జరిమానా దీనికి అదనము.

టపా సంగతి మొదట చూతము. తూటాలు, మందు, కేపులు పేలుడు పదార్థములు. ఇవి టపాలో పంపరానివి. 1898 నాటి టపా చట్టపు 19వ సెక్షనులోనే ఈ నిషేధముండెను. ఆ చట్టము పోయి 2023వ సంవత్సరపు టపా చట్టము 2024 జూన్ 18వ తేదీన అమలులోనికి వచ్చినది గాని, అపాయకరమైన వస్తువుల మీది నిషేధము మాత్రము పోలేదు. రైలు పార్సిలు విషయమునను ఇట్లే. ముందుగా వ్రాతపూర్వకముగా తెలుపక అపాయకరమైన సరకును బండి యెక్కించినవానికి 1989 నాటి రైల్వే చట్టము క్రింద మూడేండ్ల వరకు శిక్ష విధింపవచ్చును.

తూటాలు తీసివేసి ఖాళీ తుపాకిని పంపినచో నేమి యని కొందఱందురు. ఖాళీదైనను తుపాకి తుపాకియే. లైసెన్సు ఇంటికి ఇచ్చునది కాదు, మనిషికి ఇచ్చునది. కట్ట విప్పని పార్సిలైనను అది బస్సు కండక్టరు చేతిలోను, కొరియరు కుఱ్ఱవాని సంచిలోను, గోదాము గుమాస్తా బల్లక్రిందను ఉండును. వారిలో ఎవరికిని ఆ తుపాకిని ఉంచుకొను లైసెన్సు లేదు. దారిలో అది మాయమైనచో జవాబు చెప్పవలసినవాడు లైసెన్సుదారుడే. మఱికొందఱు తెలివిగా గొట్టము ఒక పార్సిలులోను, కట్టెభాగము మఱియొక దానిలోను పంపెదమందురు. చట్టము రెండవ సెక్షనులో ఆయుధమను మాటకు అర్థము చెప్పుచు ఆయుధముల భాగములను గూడ అందులో చేర్చినది. జతపఱచు ఉద్దేశము లేని చిన్న భాగములకు మాత్రమే మినహాయింపు గలదు. గొట్టమును విడదీసి పంపినవాడు ఒక తప్పును రెండు చేసికొనును.

మన పల్లెలనుండి అమెరికాకు పోయిన పిల్లలు అచ్చట రైఫిలు టపాలో వచ్చునని చెప్పుచుందురు. ఆ మాట పూర్తిగా అబద్ధము కాదు, పూర్తిగా నిజమును కాదు. అచ్చట 1927లో, దుస్తులలో దాచుకొనదగిన పిస్తోళ్లను టపాలో పంపరాదని చట్టము చేసిరి. పొడవైన రైఫిళ్లను విడిచిపెట్టిరి. 1963లో అధ్యక్షుడు కెన్నెడీని చంపిన రైఫిలు అట్లు టపాలో వచ్చినదే. షికాగో నగరపు అంగడికి మారుపేరుతో వ్రాసి, దుర్భిణితో గూడ 19 డాలర్ల 95 సెంట్లు వెలయు, ఒకటిన్నర డాలరు టపాఖర్చును కట్టి, డల్లాసు నగరమున టపాపెట్టెకు దానిని తెప్పించుకొనిరి. ఆ కాగితమును నింపిన చేయి ఎవరిదో అంగడివాడు చూడలేదు. పార్సిలు ఇచ్చిన గుమాస్తా చూడలేదు. ఒక దేశాధ్యక్షుని ప్రాణమునకు టపాఖర్చు ఒకటిన్నర డాలరు. 1968లో వారు చట్టము మార్చిరి. సామాన్యుడు ఇప్పుడు ఒక రాష్ట్రమునుండి మఱియొక రాష్ట్రమునకు తుపాకిని టపాలో పంపవలెనన్నచో, లైసెన్సుగల వ్యాపారికే పంపవలెను. ఆ వ్యాపారి పుచ్చుకొనువానిని ఎదుట నిలబెట్టి విచారించి ఇయ్యవలెను. అనగా వారును తుదకు చేతుల లెక్కకే వచ్చిరి. మనవారు ఆ పద్ధతిని ఇచ్చట అనుకరింప బోకుడు. అచ్చటి చట్టము అచ్చటిదే.

మఱి మన రైతు చేయవలసినదేమి? చట్టము మూడవ సెక్షనులోనే ఒక దారి చూపినది. లైసెన్సు లేని మనిషియైనను మూడు పనులకు మాత్రము మఱియొకరి తుపాకిని మోసికొని పోవచ్చును: మరమ్మతు కొఱకు, లైసెన్సు పునరుద్ధరణ కొఱకు, లేదా లైసెన్సుదారుని స్వంత వినియోగము కొఱకు. అయితే అది లైసెన్సుదారుని సమక్షముననైన జరుగవలెను, లేదా ఆయన వ్రాసి ఇచ్చిన అధికారపత్రముతోనైన జరుగవలెను. తండ్రి ముసలివాడై కదలలేనిచో కొడుకు పోవచ్చును. కొడుకు చేతనున్న కాగితమే అతనికి రక్షణ.

ఆ కాగితమున ఏమి వ్రాయవలెనో మన సభ్యులు తఱచుగా అడుగుదురు గనుక చెప్పుచున్నాను. లైసెన్సుదారుని పేరు, ఊరు, లైసెన్సు సంఖ్య, దేశవ్యాప్తమైన పట్టికలో ఆ లైసెన్సునకు ఇచ్చిన ప్రత్యేక సంఖ్య, తుపాకి రకము, దానిమీద చెక్కిన సంఖ్య, మోసికొని పోవువాని పేరు, అతనికిని తనకును గల సంబంధము, ఏ పనికి ఏ అంగడికి పోవుచున్నది, ఏ తేదీన పోయి ఏ తేదీన తిరిగి వచ్చునది. క్రింద సంతకము, తేదీ. అసలు లైసెన్సు పుస్తకమును వెంట పంపి, దాని నకలు ఇంట నుంచుకొనుడు. దారిలో పోలీసు అధికారి అడిగినప్పుడు చూపుటకు నకలు చాలదు. తుపాకిని గుండు లేకుండ, దానికని కుట్టించిన సంచిలో పెట్టి తీసికొని పోవలెను. బహిరంగ స్థలమున తుపాకిని సంచిలోనే మోయవలెనని 2016 నియమావళియే చెప్పుచున్నది. భుజము మీద వ్రేలాడవేసికొని సంతలో తిరుగుట పాతకాలపు దొరల వాడుక, ఇప్పుడది నేరము.

తుపాకిని బాగుచేయువాడు గూడ లైసెన్సుదారుడై యుండవలెను. దీనిని గూర్చి కొంచెము గట్టిగా చెప్పవలసియున్నది. మన ఊళ్లలో గుఱ్ఱము సడలినను, గొట్టము తుప్పుపట్టినను, కమ్మరి కొలిమికి తీసికొని పోవుట అలవాటు. అతడు మంచి పనివాడే. నాగలి కఱ్ఱు కొట్టుటలో అతనికి మించినవాడు లేడు. కాని అయిదవ సెక్షను ప్రకారము తుపాకులను చేయుట, అమ్ముట, మార్చుట మాత్రమే కాదు, అమ్మకముకొఱకును వృత్తిగాను బాగుచేయుట గూడ లైసెన్సు లేనిదే కూడదు. ఆ సెక్షనును మీఱినవానికి 2019 సవరణ తరువాత ఏడు సంవత్సరములకు తక్కువగాక, యావజ్జీవము వరకు శిక్ష గలదు. పది రూపాయల పని చేసిపెట్టిన పేద కమ్మరిని ఇంతటి ఆపదలో దింపుట న్యాయము కాదు. లైసెన్సుగల అంగడికే పోయి, రసీదు పుచ్చుకొనుడు.

ఇంకొక చిక్కు ఎల్లలది. ప్రతి లైసెన్సునందును అది ఎంతవఱకు చెల్లునో వ్రాసియుండును. ఒక జిల్లా కావచ్చును, రాష్ట్రమంతయు కావచ్చును. మన ప్రాంతమున 2016 అక్టోబరు 11వ తేదీకి పూర్వము పొందిన లైసెన్సులు పాత కరీంనగరు జిల్లావి. ఆ దినమున జిల్లా ముక్కలై, మెట్‌పల్లి, కోరుట్ల జగిత్యాల జిల్లాలోనికి వచ్చెను. సిరిసిల్ల వేఱు జిల్లా యయ్యెను. నిన్నటివఱకు ఒకే జిల్లాలోనున్న సిరిసిల్ల బంధువుల ఊరు నేడు ఎల్లకావల నున్నది. మెట్‌పల్లినుండి ఆర్మూరు త్రోవ పట్టినచో కొంత దూరమునకే నిజామాబాదు జిల్లా. జిల్లావఱకే చెల్లు లైసెన్సు గలవాడు ఎల్ల దాటవలెనన్నచో ముందుగా అధికారి అనుమతి పొందవలెను. పాత లైసెన్సుగలవారు తమ పుస్తకములందలి నమోదు ఎట్లున్నదో జగిత్యాల కలెక్టరు కచేరీలో ఒకసారి విచారించి సరిచేయించుకొనుట మేలు. షరతులను మీఱినవానికి 30వ సెక్షను క్రింద ఆఱు మాసముల వరకు కైదుగాని, రెండువేల రూపాయల వరకు జరిమానాగాని, రెండునుగాని కలవు.

ఇక వారసుల మాట. ఎక్కువ కుటుంబములు చిక్కుపడునది ఇక్కడనే. తండ్రి పేరనున్న లైసెన్సు తండ్రితోనే పోవును. పదమూడవనాటి కర్మలు ముగియువఱకు తుపాకి గోడకు వ్రేలాడుచునే యుండును. తరువాత కొడుకులు ఎవరి త్రోవన వారు పోవుదురు. ఒకడు దుబాయిలో, ఒకడు హైదరాబాదులో. ఇంట ముసలితల్లి యొక్కతె. ఆ తుపాకి ఇప్పుడు ఎవరిది? చట్టము దృష్టిలో అది లైసెన్సు లేని తుపాకి, ఆ తల్లి దానిని దగ్గఱ నుంచుకొన్నది. అందుచే 21వ సెక్షను ప్రకారము అనవసరమైన ఆలస్యము లేకుండ దానిని సమీపపు ఠాణాలోగాని, లైసెన్సుగల వ్యాపారి యొద్దగాని దాఖలు చేయవలెను. దాఖలు చేసిన మాత్రమున హక్కు పోదు. నియమితమైన గడువులోపల వారసుడు లైసెన్సు పొంది దానిని తిరిగి పుచ్చుకొనవచ్చును. లేదా హక్కుగల మఱియొకరికి అమ్మి ఆ డబ్బు తీసికొనవచ్చును. గడువు దాటినను ఎవరును రానిచో ప్రభుత్వము వశము చేసికొనును. ఠాణాలో పెట్టితిమి గదా యని నిదురించువారు ఈ కడపటి మాటను గుర్తుంచుకొనవలెను.

కొడుకు హైదరాబాదులో కాపురమున్నచో తుపాకి అతని వెంట పోవుట ఎట్లు? ముందు లైసెన్సు, తరువాత తుపాకి. అతడు తన నివాసమునకు సంబంధించిన అధికారికి దరఖాస్తు పెట్టి, వారసుడుగా లైసెన్సు పొంది, ఆ పుస్తకముతో ఊరికి వచ్చి, ఠాణాలో రసీదు చూపి, తుపాకిని స్వయముగా తీసికొని పోవలెను. జగిత్యాల వంటి జిల్లాలలో ఆ అధికారి కలెక్టరు. హైదరాబాదు, కరీంనగరు వంటి పోలీసు కమిషనరేట్లలో కమిషనరు. తండ్రి బ్రతికియుండగానే ఈ పని జరుపుకొనుటయు కలదు. లైసెన్సుదారునకు 70 ఏండ్లు నిండినను, తుపాకి 25 సంవత్సరములు ఆయన యొద్ద నున్నను, వారసుని పేర మార్చుటకు 2016 నియమావళి అవకాశమిచ్చుచున్నది. డెబ్బది దాటిన పెద్దలున్న కుటుంబములు దీనిని వాయిదా వేయకుండుట మంచిది. 2019 సవరణ తరువాత ఒకనికి రెండు తుపాకులకు మించి యుండరాదు, పూర్వము మూడుండెడివి. వారసత్వముగా వచ్చినదైనను ఈ లెక్కలోనే చేరును.

వారసులలో ఎవరికిని అక్కఱలేనిచో అమ్మివేయుటయే సుఖము. సొంత వినియోగమునకున్న తుపాకిని లైసెన్సుగలవానికి అమ్ముటకు వ్యాపారి లైసెన్సు అక్కఱలేదు గాని, అమ్మదలచితినని కలెక్టరునకు గాని సమీపపు ఠాణా అధికారికి గాని ముందుగా వ్రాసి తెలిపి, అటుపై 45 దినములు ఆగవలెను. కొనువాడు తొందరపెట్టినను, బయానా ఎక్కువ ఇచ్చినను, ఆ 45 దినములు తగ్గవు.

క్రొత్తగా కొనువారి సంగతి. పంట కాపుదలకు రైఫిలు కావలెనని అడుగువారు మొదట 13వ సెక్షనును తెలిసికొనవలెను. నిజముగా పంట రక్షణకొఱకు కోరువానికి చట్టము చెప్పునది మూతినుండి మందు కూరు భర్మారు. అది చాలదని అధికారికి తోచినచో, 20 అంగుళములకు తక్కువ కాని గొట్టముగల నునుపు గొట్టపు తుపాకిని ఇయ్యవచ్చును. గొట్టము లోపల మరచుట్లు గల రైఫిలు ఈ వరుసలో లేదు. దానికి వేఱుగా తగిన కారణము చూపవలెను. ఈ మాట విని నిరుత్సాహపడనక్కఱలేదు. నా అభిప్రాయమున చేనుకు కావలసినది దూరపు గురి కాదు, పెద్ద చప్పుడు. రైఫిలు గుండు పందిని తప్పినచో ఎంతో దూరము పోయి, అవతలి చేనిలో మంచెమీద నున్న మనిషిని తాకగలదు.

ప్రభుత్వ కార్ఖానాల తుపాకులు ఇప్పటికిని దొరకుచున్నవి. బెంగాలునందలి ఈశాపూరు రైఫిలు కార్ఖానాలో చేయు .315 వేట రైఫిలు పేరు పొందినది. 2021 అక్టోబరు 1వ తేదీన ప్రభుత్వము ఆయుధ కార్ఖానాలనన్నిటిని ఏడు కంపెనీలుగా మార్చినది గాని అమ్మకపు పద్ధతి లైసెన్సు మీదనే నడచును. డబ్బు పంపిన మాత్రమున అది మెట్‌పల్లి టపాకచేరీకి రాదు. లైసెన్సుగల వ్యాపారి తన లైసెన్సుల మీద సరకు తెప్పించి తన అంగడిలో అమ్ముట ఒక త్రోవ. కొనువాడే పోయి తెచ్చుకొనుట రెండవ త్రోవ. రెండవదానికి తెలంగాణవఱకే చెల్లు లైసెన్సు చాలదు, దారిలోని రాష్ట్రములకును అనుమతి యుండవలెను. బండి ఖర్చు, బస ఖర్చు, పోయిన పనిదినములు లెక్కించినచో వ్యాపారి యొద్ద కొంచెము ఎక్కువ ఇచ్చి కొనుటయే చౌక. విదేశములనుండి తెచ్చువారికి పదవ సెక్షను క్రింద దిగుమతి లైసెన్సు వేఱుగా కావలెను. గల్ఫునుండి వచ్చు సోదరులు సామానులో ఇట్టివి పెట్టుకొని విమానాశ్రయమున పట్టుబడకుందురు గాక.

పార్సిలులో చట్టబద్ధముగా రాగలది ఒకటి కలదు: గాలి తుపాకి. గొట్టపు వ్యాసము .177 అంగుళమునకు మించక, గుండు బలము 20 జౌళ్లకు మించకున్నచో దానికి లైసెన్సు అక్కఱలేదు. అంతకు మించినచో కావలెను. ప్రకటనలలో మించిన బలమును గొప్పగా చెప్పు అంగళ్లు కలవు. ఆ సంఖ్యను చూచియే కొనుడు. దీనితో పందిని ఆపజాలరు. కోతులను, పిట్టలను కొట్టుట వేఱు నేరము.

వేఱు నేరమనుటకు కారణమిది. తుపాకి లైసెన్సు చేతనున్నంత మాత్రమున జంతువును చంపు అధికారము రాదు. అడవిపంది 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టపు పట్టికలో నున్నది. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన సవరణ తరువాతను ఉన్నది. నిలుచున్న పైరునకు అపాయమైనప్పుడు 11వ సెక్షను క్రింద ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడుగాని, ఆయన అధికారమిచ్చిన ఉద్యోగిగాని వ్రాతపూర్వకముగా ఉత్తరువు ఇయ్యవలెను. చచ్చిన పంది ప్రభుత్వపు సొత్తు. మాంసమును పంచుకొనుట కూడదు. ఈ రెండు కాగితముల ప్రయాస చూచి కొందఱు చేని చుట్టు తీగ కట్టి కరెంటు పెట్టుచున్నారు. తెల్లవాఱుజామున నీరు పెట్టుటకు వచ్చిన ప్రక్క చేని రైతు ఆ తీగ మీద పడి చనిపోవుట మన జిల్లాలలో విన్నవారికి, దానిని గూర్చి ఎక్కువ వ్రాయనక్కఱలేదు.

ఖర్చు సంగతి చెప్పి ముగించెదను. పార్సిలు ఛార్జీ అను పద్దు దీనిలో లేనే లేదు. లైసెన్సు రుసుము నియమావళి పట్టికలో తుపాకి రకమును బట్టి నిర్ణయమై యున్నది; ఇప్పుడు లైసెన్సు అయిదేండ్లకు చెల్లును, పూర్వము మూడేండ్లే. గడువు ముగియుటకు రెండు మాసముల ముందే పునరుద్ధరణకు దరఖాస్తు వేయుట మంచిది. ఇంట భద్రముగా దాచుటకు ఉక్కుబీరువా కావలెను. ఆ మేరకు దరఖాస్తుతో హామీపత్రము గూడ వ్రాసి ఇయ్యవలెను. వ్యాపారి యొద్ద దాచినచో అతని కూలి యుండును. మిగిలినదంతయు బస్సు ఛార్జీలు, పోయిన కూలిదినములు. మెట్‌పల్లినుండి జగిత్యాలకు రాకపోకలు ఒక దినము. హైదరాబాదునకు సుమారు రెండువందల కిలోమీటర్లు గనుక రెండు దినములు. నాట్ల వేళలోను కోతల వేళలోను ఈ తిరుగుళ్లు పెట్టుకొనక, వేసవిలో తీరిక యున్నప్పుడు ముగించుకొనుడు.

ఎన్నికల వేళ మాత్రము తీరికతో పని లేదు. ప్రకటన వెలువడగానే లైసెన్సు తుపాకులను ఠాణాలో దాఖలు చేయుమని ఉత్తరువు వచ్చుట ఆనవాయితీ. ఫలితముల పిదప తిరిగి ఇత్తురు. ఆ రసీదులో తుపాకి సంఖ్యయే గాక తూటాల లెక్కయు వ్రాయించుకొనవలెను. సంచిని, బిళ్లలను, తాళమును గూడ అప్పగించినచో వానిని సైతము చేర్పింపుడు. తిరిగి పుచ్చుకొనునాడు ఆ కాగితమును చూచుచు ఒక్కొక్కటే సరిచూచుకొని, అంతయు ముట్టిన పిదపనే సంతకము చేయుడు.